తిరుగుతున్న హార్డ్ డిస్క్‌ను ఎందుకు కదపకూడదు?

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్ళేలు ఉంటాయి. చాలా పోర్టబుల్ డిస్కుల్లో ఇవి నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. సమాచారాన్ని చదివే, రాసే హెడ్ వాటిని తాకదు. పళ్ళెంతో పాటు తిరిగే గాలి పొర మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతుంది. తల వెంట్రుక మందమే సుమారు 80,000 నానోమీటర్లు! సందు అంత సన్నం కాబట్టే, పనిచేస్తున్న డిస్కు కింద పడినా, గట్టిగా కుదిపినా హెడ్ పళ్ళేన్ని గీరేయవచ్చు. గీత పడ్డ చోట ఉన్న ఫొటోలు తిరిగి రావడం చాలా కష్టం.

కేబుల్ తీసేటప్పుడూ జాగ్రత్త కావాలి. కాపీ అయిపోయినట్టు తెర మీద కనిపించినా, కొంత సమాచారం ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉండిపోవచ్చు. ‘ఎజెక్ట్’ నొక్కితే అదంతా డిస్కులోకి చేరుతుంది. కేబుల్ తీయాల్సింది ఆ తర్వాతే.

వాడేకొద్దీ డిస్కు వేగం తగ్గడానికి కారణం వేరు. డిస్కు నిండేకొద్దీ ఒకే ఫైలు ముక్కలై వేర్వేరు చోట్ల పడుతుంది; ఒక్కో ముక్క కోసం హెడ్ అటూ ఇటూ కదలాలి. డీఫ్రాగ్ చేస్తే ముక్కలు ఒకచోటికి వస్తాయి. ఎస్‌ఎస్‌డీ అనే మరో రకం డ్రైవ్‌లో తిరిగే భాగాలే ఉండవు, దానికి ఈ పని అక్కర్లేదు. డిస్కు నుంచి టక్ టక్‌మని శబ్దం వస్తుంటే మాత్రం డీఫ్రాగ్ చేయకుండా, ముందుగా ముఖ్యమైన ఫైళ్ళను మరో చోటికి కాపీ చేసుకోవాలి.