మా లడ్డూ పళ్ళు

కుక్కని పెంచుకుందామని మా పిల్లలు మూడేళ్ళు పోరారు. చివరికి ఒప్పుకుని తొమ్మిది వారాల లాబ్రడార్ పిల్లని తెచ్చాం. దాని రంగు చూసి లడ్డూ అని పేరు పెట్టారు. వారం తిరక్కుండా ఇంట్లో అందరి చేతులమీదా గాట్లే!

ఇంకో ఆరు వారాల్లో మా అత్తగారు తెనాలి నుంచి వస్తున్నారు. ఆవిడ రక్తం పలచబడే మందు వాడతారు. చిన్న గాటు పడినా రక్తం ఓ పట్టాన ఆగదు. పైగా చిన్నతనంలో వీధికుక్క కరిస్తే బొడ్డుచుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు చేయించుకున్న మనిషి. "అమ్మ వచ్చేలోగా ఇది మానకపోతే వెనక్కి ఇచ్చేద్దాం," అన్నారు మా వారు. పిల్లలు ఆ రాత్రి అన్నం తినలేదు.

అప్పుడు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. లడ్డూ చేస్తున్నది కరవడం కాదు, కొరకడం. మనం చేత్తో చేసే పనులన్నీ కుక్కపిల్ల నోటితో చేస్తుంది. దానికుండే 28 పాలపళ్ళూ సూదుల్లా ఉంటాయి. తోడబుట్టినవాటితో ఆడుతూ గట్టిగా కొరికితే, అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. "ఇంత గట్టిగా కొరికితే ఆట పోతుంది" అన్నది దాని మొదటి పాఠం. మనింటికొచ్చాక ఆ పాఠం కొనసాగించాల్సింది మనమే. పళ్ళ జోరు తగ్గించుకోవడం పసితనంలోనే నేర్పాలని పశువైద్యుడు ఇయాన్ డన్‌బార్ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు.

అంతకుముందు నేనో తప్పు చేశాను. ఎవరో చెప్పారని ముక్కుమీద రెండుసార్లు కొట్టాను. కొరకడం మానలేదు సరికదా, నా చెయ్యి పైకి లేస్తే చాలు, బల్లకిందికి దూరడం మొదలుపెట్టింది. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

తర్వాత మేం చేసింది ఇదీ. పళ్ళు తగలగానే చెయ్యి వెనక్కి లాక్కోకూడదు. లాగితే అదీ ఆటే అనుకుంటుంది. కదలకుండా ఉండి, మెల్లిగా చెయ్యి తీసుకుని, అరనిమిషం పక్కకి తిరిగిపోవాలి. మళ్ళీ వచ్చినప్పుడు కొరకడానికి బొమ్మ ఇవ్వాలి. బొమ్మ పట్టుకుంటే మెచ్చుకోవాలి. పిల్లలు కెవ్వుమంటే లడ్డూకి ఇంకా హుషారొచ్చేది, అందుకని అరుపులు మానిపించాను. సాయంత్రం మరీ రెచ్చిపోతోందంటే నిద్ర చాలలేదన్నమాట. ఈ వయసులో రోజుకి పద్దెనిమిది గంటలు పడుకోవాలి.

అసలు కష్టం లడ్డూతో కాదు, మాతో. పిల్లలు "నో" అనేవారు, నేను "వద్దు" అనేదాన్ని, మా వారు "ఏయ్" అంటూనే చేతులతో కుస్తీ పట్టేవారు. ఒకరు ఆపిన ఆట ఇంకొకరు ఆడిస్తే పాపం దానికేం అర్థమవుతుంది? చివరికి అందరం "వద్దు" దగ్గర రాజీపడ్డాం. కుస్తీలు బంద్.

అత్తగారు వచ్చేసరికి రేబిస్ టీకా వేయించాం. కొరకడం చాలా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అందుకని వంటింటి గుమ్మానికి పసిపిల్లల గేటు బిగించాం. గాటు పడి చర్మం తెగితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, డాక్టరుని అడగాలని అందరికీ చెప్పాను. ఆవిడ మొదటివారం గేటు అవతలే ఉన్నారు. ఇవతలికి వచ్చిన రోజున చీరకుచ్చిళ్ళు కదలడం చూసి లడ్డూ దూకింది.

"అత్తయ్యా, కదలకండి! చెట్టులా నిలబడండి!" అన్నాను.

నిలబడ్డారు. "వద్దురా," అన్నారు. లడ్డూ కుచ్చిళ్ళు వదిలి కూర్చుంది.

నాలుగో నెల దాటి పాలపళ్ళు ఊడుతుంటే మళ్ళీ కొరకడం ఎక్కువైంది. నేను బెంగపడుతుంటే ఆవిడే అన్నారు: "అమ్మాయీ, మీ ఆయనకి పళ్ళొచ్చేటప్పుడు నా భుజమంతా గాట్లే. తడిగుడ్డ ముడేసి ఇచ్చేదాన్ని." మేం ఆ ముడిని ఫ్రీజర్లో పెట్టి, మేం దగ్గరున్నప్పుడు మాత్రమే ఇచ్చాం. పనిచేసింది.

వెనక్కి ఇచ్చేద్దామన్న గడువు ఎప్పుడు దాటిపోయిందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు తెనాలి నుంచి ఫోన్ చేస్తే ఆవిడ మొదట అడిగేది లడ్డూ సంగతే.