బందరు రోడ్డు మీదుగా ఒక నీడ, ఒక పసుపు గీత

1868 ఆగస్టు 18 ఉదయం కంకిపాడులో ఐదు నిమిషాలకు పైగా సూర్యుడు లేడు. సంపూర్ణ గ్రహణం నీడ గుంటూరు మీదుగా బందరు వైపు సాగింది. కంకిపాడు ఆ మధ్యలో ఉన్న ఊరు కదా!

ఆ నీడ కోసమే ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ బందరులో మకాం వేశాడు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. ఈ మూడో పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలి. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగును రంగుల గీతలుగా విడదీసి చూస్తే ఒక పసుపు గీత కనిపించింది. అచ్చం సోడియం గీతలాగే ఉంది, కానీ సరిగ్గా దాని చోటులో లేదు. అదే హీలియం! భూమ్మీద అది చేతికి చిక్కింది మాత్రం 1895లో, విలియం రామ్సేకి, ఒక యురేనియం ఖనిజంలో.

ఆ హీలియం సూర్యుడిలోకి ఎలా వచ్చింది? చాలా భాగం సూర్యుడు పుట్టకముందు నుంచీ ఉన్నదే. సుమారు 1,380 కోట్ల ఏళ్ల కిందట విశ్వమంతా భరించలేనంత వేడి. వెలుగు కణాలు ఢీకొని పదార్థం, ప్రతిపదార్థం జంటలుగా పుట్టేవి, మళ్లీ కలిసి వెలుగైపోయేవి. సుమారు వంద కోట్ల జంటలకు ఒక్క పదార్థ కణం మిగిలింది. నక్షత్రాలూ, మనమూ ఆ మిగులులోంచే వచ్చాం. ఎందుకు మిగిలిందో ఇంతవరకూ తేలలేదు. భౌతికశాస్త్రంలో నాకు ఇంతకంటే పెద్ద ప్రశ్న కనిపించదు.

తొలి కొద్ది నిమిషాల్లోనే ప్రోటాన్లు, న్యూట్రాన్లు అతుక్కున్నాయి. బరువులో పావు వంతు హీలియం అయింది, దాదాపు ముప్పావు వంతు హైడ్రోజన్‌గా ఉండిపోయింది. విశ్వం చల్లబడడంతో వంట అక్కడితో ఆగింది. ఆక్సిజన్, ఇనుము తర్వాత నక్షత్రాల్లో తయారయ్యాయి.

తిరునాళ్లలో అమ్మే బెలూన్‌లోని హీలియం అప్పటిది కాదు. భూమి లోపల యురేనియం, థోరియం క్షీణిస్తూ పుట్టించింది.

ప్రకాశం బ్యారేజీ దాటి కాలువల్లో పారే ప్రతి లీటరు నీటిలో సుమారు 111 గ్రాముల హైడ్రోజన్ ఉంటుంది. దాని కేంద్రకాలు మాత్రం ఆ తొలి క్షణాలవే. అందులోనూ సుమారు 6,400 పరమాణువులకు ఒకటి డ్యుటీరియం. నక్షత్రాలు దాన్ని కాల్చేస్తాయే తప్ప మిగల్చవు, కాబట్టి ఇప్పుడున్నదంతా దాదాపు తొలినాటి సరుకే. గోదావరి ఒడ్డున మణుగూరు భారజల కర్మాగారంలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సాయంతో నీటి నుంచి వేరు చేసేది దీన్నే. మన అణు రియాక్టర్లలో చాలావాటిలో న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి ఆ భారజలమే వాడతారు.