‘రన్’ అను ఆంగ్లక్రియ

ఆంగ్లభాష నేర్చు మన బాలబాలికలు తొలినాళ్లలోనే కంఠస్థము చేయు మాటలలో ‘రన్’ ఒకటి. ‘రన్ అనగా పరుగెత్తుట’ యని పలకపై వ్రాసికొని, ఆ మాటతో తమ కిక పనిలేదని వారు తలంతురు. పిమ్మట వాచకమున ‘హిజ్ నోస్ ఈజ్ రన్నింగ్’ అను వాక్యము కనబడగా, ‘వాని ముక్కు పరుగెత్తుచున్నది’ అని అర్థము చెప్పి తరగతిలో నవ్వులపాలగుదురు. ఆ దోషము పిల్లలది కాదు. ఒక మాటకు ఒకే యర్థ మని నేర్పిన పద్ధతిదే ఆ దోషము.

ఈ చిన్నమాట ఎంత విస్తారమైనదో వినుడు. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల మహానిఘంటువు రెండవ కూర్పున ‘సెట్’ అను క్రియ 430 అర్థములతో అగ్రస్థానమున నుండెను. తరువాతి కూర్పునకై ‘రన్’ను పరిశీలించిన పీటర్ గిలివర్ అను నిఘంటుకారుడు ఈ యొక్క మాటపైననే సుమారు తొమ్మిది మాసములు శ్రమించెను. 2011లో తెలియవచ్చిన లెక్క ప్రకారము దీని క్రియారూపమునకే 645 అర్థములు!

ఇన్ని యర్థము లెట్లు కలిగినవి? ప్రాచీనాంగ్లమున ‘తాను పరుగెత్తుట’కు ఒక క్రియయు, ‘పరుగెత్తించుట’కు వేరొక క్రియయు నుండెడివి. కాలక్రమమున రెండును ఒక్క ‘రన్’లో కలిసిపోయినవి. మనము నడచుట, నడపుట యని రూపము మార్చి చెప్పుదానిని ఆంగ్లేయులు ఒకే రూపముతో చెప్పుదురు. మఱియు దీనికి జ్ఞాతియైన జర్మనుభాషాపదమునకు నేటికిని ‘కారుట, స్రవించుట’ యనియే యర్థము. కాన ముక్కు ‘రన్’ అగుట వింత ప్రయోగము కాదు. ప్రవాహార్థము ఈ మాటకు పుట్టుకతో వచ్చినదే.

మన గృహకృత్యములలోనే దీని రూపములు కొన్ని చూతము. ఏరు పారును, కొళాయి కారును, క్రొత్త చీర నుదికినప్పుడు రంగు దిగును. ఈ మూడింటికిని ఆంగ్లమున ‘రన్’ అనియే వాడుదురు. వస్త్రముపై కుట్టిన చీటీలో రంగు ‘రన్’ కావచ్చునని యున్నచో, దానిని తెల్లబట్టలతో కలిపి నానవేయరాదని తెలిసికొనవలెను. సూదిని వరుసగా లోనికిని పైకిని పోనిచ్చు సాదా కుట్టునకు ‘రన్నింగ్ స్టిచ్’ అని పేరు. బిడ్డకు జ్వరము వచ్చినను, ఒక గుణము వంశమున దిగివచ్చుచున్నను ఈ మాటయే.

ఇంకొక విశేషము గలదు. ఆంగ్లము పరుగెత్తు చోట మన తెలుగు తరచుగా నడచును. రైలు నడచును, గడియారము నడచును, దుకాణము నడచును, పాఠశాల నడచును. ఆంగ్లమున నివి యన్నియు పరుగెత్తునవే. యంత్రములు పెరిగినకొలది ఈ మాటకు పనియు పెరిగినది. కంప్యూటరులో ప్రోగ్రామును నడపుటకును నేడు ఇదియే వాడుక.

వెనుక నొక చిన్నమాట చేరినచో అర్థము మఱియు మాఱును. ‘రన్ ఇంటు’ అనగా అనుకొనకుండ ఎదురుపడుట. ‘రన్ డౌన్’ అనగా ఒకరిని నిందించుట. మనుష్యుని స్థితిని గూర్చి యన్నచో నీరసించియుండుట. ‘రన్ అవుట్ ఆఫ్ రైస్’ అనునది ఇంటిలో బియ్యము లేకపోవుటను దెలుపును. కాని మన యిల్లాలు ‘లేవు’ అను అమంగళపు మాట నోట రానీయక, ‘బియ్యము నిండుకొన్నవి’ అనును. ఇట్టి చోట మాటకు మాట పెట్టిన అనువాదము నిలువదు. భావము నెఱిగి చెప్పవలెను. దేశభేదమున కూడ భేదము గలదు: ఎన్నికలలో పోటీచేయువాడు అమెరికాలో ‘రన్’ చేయును, ఇంగ్లండులో ‘స్టాండ్’ అగును. ఒకచోట పరుగు, ఒకచోట నిలుచుట. పని మాత్ర మొక్కటే!

కావున బిడ్డలచే చదివించు తల్లులు ఈ మాట వచ్చినప్పుడు, ‘పరుగెత్తున దేది?’ అని ముందుగా అడుగవలెను. ప్రాణియైనచో పరుగు; ద్రవమైనచో పారుట, కారుట; యంత్రమో సంస్థయో యైనచో నడచుట. పిదప వెనుక చిన్నమాట యేదైన నున్నదా యని చూడవలెను. క్రొత్త యర్థము దొరకినప్పుడెల్ల వాక్యముతో సహా ఒక పుస్తకమున వ్రాయించినచో, ఏడాదిలో అదియే చక్కని నిఘంటువగును.

‘షి రన్స్ ద హౌస్’ అను వాక్యమును గూడ అందు చేర్చుడు. మిల్లును నడపు యజమానికి వాడు క్రియనే ఆంగ్లము ఇల్లాలికిని వాడుచున్నది. మన భాషలోను సంసారమును ‘నడపుట’యే కదా! ఇంటిపని పనియే కాదని తలచువారు ఈ రెండు భాషల సాక్ష్యమును వినవలెను. ఆ వాక్యమునకు ‘ఆమె ఇల్లు నడపుచున్నది’ అని అర్థము వ్రాసిన బాలుడు ఒక ఆంగ్లపదముతో పాటు తన తల్లి చేయు పని యెట్టిదో కూడ నేర్చినవాడగును.