ఊపిరి వాకిట ఔషధము

వేంపల్లె పేరు కడప జిల్లా ప్రజలకు ఎంత పరిచితమో భూగర్భశాస్త్రజ్ఞులకును అంత పరిచితము. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు ప్రాంతముల శిలలను వర్ణించుచు ప్రకటించిన గ్రంథమున, పాపఘ్నీ తీరమునందలి ఈ ఊరి పేరు ఒక శిలాశ్రేణికి పెట్టబడినది. నేటికిని దానికి వేంపల్లె శ్రేణి యనియే వ్యవహారము. ఇంచుమించు 190 కోట్ల ఏండ్లకు పూర్వము లోతులేని సముద్రమున పేరుకొనిన, మెగ్నీషియముతో గూడిన సున్నపురాళ్లవి. భూగర్భమునుండి కరగిన నల్లరాతి ద్రవ్యము ఆ పొరలలోనికి చొచ్చుకొని వచ్చిన చోట రాయి గుణము మారి, దూదివలె పోగులుగా విడిపోవు రాతినార యేర్పడినది. పులివెందుల సమీపమున బ్రాహ్మణపల్లె ప్రాంతమున ఈ నారను చాలకాలము త్రవ్వి తీసిరి. నిప్పునకు కాలని నార యని దానికి గిరాకి మెండు.

కాని ఆ నార నలిగినప్పుడు గాలిలో తేలు సన్నని పోగులు మనుష్యుని ఊపిరితిత్తుల అడుగునకు చేరును. అచట అవి తేలికగా కరగవు, వెలికి రావు. ఇరువది ముప్పది ఏండ్ల పిమ్మట ఆయాసముగనో, రాచపుండుగనో బయటపడును. భారత ప్రభుత్వము 1986లో క్రొత్త రాతినార గనులకు కౌలు ఇచ్చుట నిలిపివేసి, 1993లో పాత కౌళ్లను పొడిగించుటయు మానినది.

ఈ విషాదమున ఒక శాస్త్రసత్యము దాగియున్నది. ఊపిరితిత్తులు లోనికి వచ్చు వస్తువు మంచిదా, చెడ్డదా యని ముందుగా విచారింపవు. దాని పరిమాణమును మాత్రమే చూచును. అట్లయిన ధూళి ఏ దారిని పోయి ప్రాణము తీయుచున్నదో, ఆ దారినే మందును పంపి ప్రాణము నిలుపవచ్చును గదా! ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో వైద్యశాస్త్రము నూరేండ్లు గడపినది.

మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. తలవెండ్రుక మందము ఇంచుమించు 70 మైక్రానులుండును. పది మైక్రానులకు మించిన నలుసు ముక్కులోనో, గొంతులోనో చిక్కుకొనును. అయిదునుండి పది వరకు నున్నది శ్వాసనాళముల గోడలకు అంటుకొని, కఫముతో కూడ పైకి నెట్టబడును. ఒకటినుండి అయిదు మైక్రానుల నలుసే అడుగున నున్న వాయుకోశములకు చేరగలుగును. అంతకన్న మిక్కిలి సన్ననిది లోన నిలువక, విడిచిన గాలితోనే చాలవరకు వెలుపలికి వచ్చును. రాతినార పోగు ఎంత పొడవైనను దాని మందము స్వల్పమగుటచే బాణమువలె గాలివాటున దూసికొనిపోవును.

మనుష్యుని ఊపిరితిత్తులలో 30 నుండి 50 కోట్ల వాయుకోశములు కలవు. వానిని విప్పి పరచినచో రెండు తరగతిగదుల నేలను కప్పగలవు. కోశమునకును దానిని చుట్టిన రక్తనాళమునకును నడుమ గోడ ఒక మైక్రానునకైనను లోపే. ప్రాణవాయువు క్షణములో రక్తమును చేరుట ఈ పలుచదనము వలననే. చర్మమునకుగాని, కడుపునకుగాని లేని సౌలభ్యమిది.

ఈ వాకిలి యావశ్యకత మాంసకృత్తులతో చేసిన మందులకు కలిగినది. మధుమేహమునకు దివ్యౌషధమైన ఇన్సులిన్ అట్టిది. అది 51 ఆమ్లపు పూసలను రెండు పేటలుగా కూర్చి, ప్రత్యేకమైన తీరున మడచిన హారము వంటిది. దానిని నోట మ్రింగినచో జీర్ణరసములు పప్పును, గ్రుడ్డును అరిగించినట్లే దానిని కూడ అరిగించివేయును. కాబట్టియే 1921లో టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వెలికితీసి, 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునకు మొదట ఇచ్చినది మొదలు సూదియే దానికి దారి యైనది. ప్రతిదినము, కొందరికి దినమునకు నాలుగు మారులు, జీవితాంతము సూది! పిల్లలకు ఇది ఎంత శిక్షయో తల్లిదండ్రులకు తెలియును. సూదికి జడిసి మందునే వాయిదా వేయు పెద్దలును కలరు.

పీల్చు వైద్యము తెలుగునాటికి క్రొత్తది కాదు. ఉబ్బసమునకు ఉమ్మెత్త పొగ పీల్చుట ఈ దేశమున ప్రాచీనాచారము. చెన్నపట్టణమున ప్రధాన వైద్యాధికారిగా నుండిన జేమ్సు ఆండర్సన్ ద్వారా ఆ పద్ధతిని తెలిసికొని, జనరల్ జెంట్ అను నాతడు 1802లో దానిని ఇంగ్లండునకు కొనిపోయెను. ఉమ్మెత్త విషము, నేడు దానిని పీల్చుట ప్రమాదకరము. అయినను ఊపిరిరోగమునకు ఊపిరిదారినే మందు పంపుట యను భావము అటు పయనించినది. తరువాత అమెరికాలో జార్జి మెయిసన్ అను నాతని పదుమూడేండ్ల కుమార్తె, తన ఉబ్బసపు మందు అత్తరు చిమ్ముబుడ్డివలె ఎందుకుండరాదని తండ్రి నడిగినది. ఆ ప్రశ్న ఫలితముగా 1956లో నొక్కిన కొలదిమందు చిమ్ము ఇన్‌హేలరు అంగడికి వచ్చినది. తరగతిలో పిల్లవాడు వేయు ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదనుటకు ఇంతకన్న మంచి నిదర్శనముండదు.

అయితే ఉబ్బసపు మందు చిన్న అణువు. మాంసకృత్తు పెద్దది, సుకుమారమైనది. 1925లోనే జర్మనీలో గ్యాన్స్‌లెన్ అను వైద్యుడు ఇన్సులిన్‌ను పీల్పించి, రక్తములోని చక్కెర తగ్గుట చూచెను. కాని ఆ ప్రయోగము మందుగా మారుటకు ఎనుబదేండ్లు పట్టినది. కారణములు పెక్కు. మాంసకృత్తును పొడిచేయు వేడిమికి దాని మడతలు చెడిపోవచ్చును. మడత చెడినచో మందు గుణమే పోవును. పొడి రేణువులు ఒకదాని కొకటి అంటుకొని ఉండలు కట్టినచో అవి గొంతు దాటవు. రోగి పీల్పు నేడొకలాగు, రేపొకలాగు ఉండును. దానిని దాటి అడుగునకు చేరిన రేణువులను కూడ పరాయివస్తువుగా నెంచి మ్రింగివేయు కావలికణములు వాయుకోశములలో తిరుగుచుండును.

మొదటి ఘనవిజయము ఇన్సులిన్‌ది కాదు. కొందరు పిల్లలకు పుట్టుకతో వచ్చు ఒక వ్యాధిలో శ్వాసనాళములయందలి కఫము బంకవలె చిక్కనై ఊపిరాడనీయదు. చనిపోయిన కణములనుండి వెలువడిన డి.ఎన్.ఎ. పోగులు ఆ చిక్కదనమునకు ఒక ముఖ్యకారణము. ఆ పోగులను తెంచు డోర్నేజ్ ఆల్ఫా అను మాంసకృత్తును మంచుతుంపరగా పీల్పించుటకు 1993లో అమెరికా అనుమతించినది. దాని పని ఊపిరితిత్తులలోనే ముగియును. రక్తమునకు చేరవలసిన పని లేదు. అందుచే ఆ మార్గము కొంత సులువైనది.

రక్తమునకు చేరవలసిన ఇన్సులిన్ కథ వేరు. ఫైజరు సంస్థ చేసిన ఎక్సుబెరాకు 2006 జనవరిలో అమెరికాలోను, ఐరోపాలోను అనుమతి లభించినది. అది చక్కెరను తగ్గించినది నిజము. కాని పీల్చినదానిలో సుమారు పదవ వంతే సూదిమందువలె పనిచేసినది. పరికరము పెద్దది, వెల హెచ్చు. వైద్యులు వ్రాయలేదు, రోగులు కొనలేదు. 2007 అక్టోబరులో, అనగా రెండేండ్లైనను నిండకముందే, సంస్థ దానిని విడిచిపెట్టినది. మరుసటి యేడు ఇంకొక కలవరము కలిగినది. పరీక్షలలో దానిని వాడిన వారిలో ఆరుగురకు, వాడనివారిలో ఒకరికి ఊపిరితిత్తుల రాచపుండు కనబడినది. ఆ రోగులందరును పూర్వము పొగత్రాగినవారే. అంత స్వల్పసంఖ్యను బట్టి మందే దోషియని తేల్చుట సాధ్యము కాలేదు. నిర్దోషి యని అనుటయు సాధ్యము కాలేదు.

ఆ దెబ్బకు పెక్కు సంస్థలు వెనుదిరిగినవి. ఆల్ఫ్రెడ్ మాన్ స్థాపించిన మాన్‌కైండ్ సంస్థ నిలిచినది. ఆ శాస్త్రజ్ఞులు ఇన్సులిన్‌ను ఒక పదార్థపు సన్నని స్ఫటికములపై అంటించిరి. రేణువు రెండు, రెండున్నర మైక్రానులు మాత్రమే. పులుసు గుణము గల ద్రవమున ఆ స్ఫటికములు తమంత తామే యేర్పడును. ఊపిరితిత్తులలోని పులుపులేని తేమ తగులగానే కరగి ఇన్సులిన్‌ను విడిచిపెట్టును. కావలికణములు కబళించుటకు అవకాశము తక్కువ. చేతిలో ఇముడునంతటి చిన్న పరికరము. అఫ్రెజా యను ఈ మందును 2014 జూనులో అమెరికాయు, 2024 డిసెంబరులో భారతదేశపు ఔషధ నియంత్రణ సంస్థయు పెద్దల వాడుకకు అనుమతించినవి. మన దేశమున దానిని పంపిణీచేయు హక్కు సిప్లా సంస్థది.

ఇంతటితో సూది అంతరించినదని భావింపరాదు. ఇది భోజనసమయమున త్వరగా పనిచేసి త్వరగా పోవు ఇన్సులిన్. శరీరమున ఇన్సులిన్ బొత్తిగా పుట్టనివారు దీర్ఘకాలము పనిచేయు సూదిమందును దానికి తోడుగా వాడియే తీరవలెను. తెరవని పొట్లములను చల్లనిపెట్టెలో ఉంచవలెను. వెలుపల నున్నచో పది దినములే దాని ఆయువు. రాయలసీమ యెండలలో ఈ నియమము చిన్నది కాదు. విద్యుత్తు పోయినపుడు సూదిమందును మట్టికుండలో భద్రపరచు గృహములు ఎరుగుదురు దాని కష్టము.

వీటన్నిటికన్న ముఖ్యమైన నియమము వేరొకటి కలదు. ఉబ్బసము, దీర్ఘకాలపు శ్వాసవ్యాధి గలవారికి ఈ మందు పనికిరాదు. శ్వాసనాళములు హఠాత్తుగా బిగిసికొని ప్రాణాపాయము కలుగవచ్చును. పొగత్రాగువారికి దీనిని ఈయరాదు. వాడుటకు ముందు ఊపిరి బలమును కొలిచియే తీరవలెను. అనగా బండలు కోయు దుమ్ములో బ్రతుకు గడపినవాడు, చుట్టపొగలో కాలము వెళ్లబుచ్చినవాడు, కట్టెల పొయ్యి యెదుట ఊపిరి చెడిన గృహిణి, ఈ క్రొత్త ఔషధము ఊరికి చేరిన నాడును దాని వాకిట నిలువబడవలసినదే. సూది బాధ అందరిది. సూదినుండి విముక్తి మాత్రము ఆరోగ్యకరమైన ఊపిరి గలవారిది.

ఇది మందు తప్పు కాదు. ఊపిరితిత్తులు పరిమాణమును మాత్రమే చూచి లోనికి రానిచ్చు వాకిలి యగుటచే, ఏది రావలెనో నిర్ణయించు బాధ్యత సంఘముపై పడినది. రాతికోత యంత్రమునకు నీరు పెట్టి దుమ్మును అణచుట, పనివారికి తగిన ముసుగులిచ్చుట, పొగలేని పొయ్యి సమకూర్చుట, బడి పిల్లలకు పొగాకు అంటనీయకుండుట — ఇవి ప్రయోగశాలలు కోరని, కోట్ల ధనము కోరని పనులు. శాస్త్రజ్ఞుడు రెండు మైక్రానుల రేణువును సిద్ధపరచుటకు ఎనుబదేండ్లు శ్రమించెను. ఆ రేణువు చేరవలసిన చోటును శుభ్రముగా నుంచుట మిగిలిన వారి వంతు.