ఆరోగ్య కార్డుకు చట్టం తోడు కావాలి: ఛత్తీస్‌గఢ్ అనుభవం చెబుతున్న పాఠం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పుర్‌కు తూర్పున, మహానదికి చేరువలో, 53వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న చిన్న పట్టణం ఆరంగ్. పాత ఆలయాలకు పేరున్న ఈ ఊరి చుట్టూ వరి పొలాలే. జ్వరాలకు, మామూలు కాన్పులకు స్థానిక ప్రభుత్వ ఆసుపత్రి సరిపోతుంది. పెద్ద ఆపరేషన్ అవసరమైతే సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని రాయ్‌పుర్ వెళ్లాలి. అక్కడ అంబేడ్కర్ ఆసుపత్రి, ఎయిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి, ఎన్నో ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి. చేతిలోని ఆరోగ్య కార్డు వాటిలో ఎక్కడ, ఎంతవరకు పనిచేస్తుందన్నదే ఇలాంటి ఊళ్ల కుటుంబాలకు అసలు ప్రశ్న.

కార్డుల విషయంలో ఛత్తీస్‌గఢ్ వెనకబడిన రాష్ట్రమేమీ కాదు. 2008లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన పేద కుటుంబానికి ఏడాదికి 30 వేల రూపాయల వరకు చికిత్స అందించేది. 2012లో ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి స్వాస్థ్య బీమా యోజనతో ఆ రక్షణను పేదరికంతో నిమిత్తం లేకుండా మిగతా కుటుంబాలకూ విస్తరించింది. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. 2020 నుంచి డాక్టర్ ఖూబ్‌చంద్ బఘేల్ స్వాస్థ్య సహాయతా యోజన కింద ప్రాధాన్య, అంత్యోదయ రేషన్ కార్డు కుటుంబాలకు 5 లక్షలు, ఇతరులకు 50 వేల రూపాయల వరకు రక్షణ ఏర్పడింది. బీమా కంపెనీని పక్కనపెట్టి ప్రభుత్వమే నేరుగా ఆసుపత్రులకు చెల్లించే ట్రస్టు పద్ధతి కూడా అప్పుడే వచ్చింది.

ఉచితమన్న చోట ఖర్చు

ఇంత చేసినా జేబు ఖర్చు ఆగిందా? జాతీయ నమూనా సర్వే 71వ విడత గణాంకాలను సులక్షణా నంది, హెలెన్ ష్నైడర్, ప్రియాంక దీక్షిత్ విశ్లేషించి 2017లో ప్లాస్ వన్ పత్రికలో ప్రచురించారు. ఛత్తీస్‌గఢ్‌లో బీమా ఉండి ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవారిలో 95.1 శాతం మంది సొంత డబ్బు ఖర్చు పెట్టాల్సి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేరినవారిలో ఇది 66 శాతం. ఆయుష్మాన్ భారత్ వచ్చాక సమీర్ గర్గ్, సహపరిశోధకులు ఇదే రాష్ట్రంలో ఇంటింటి సర్వే చేశారు. పథకంలో నమోదు కావడం వల్ల ఆసుపత్రి ఖర్చు చెప్పుకోదగ్గ స్థాయిలో తగ్గినట్టు 2020 నాటి వారి అధ్యయనంలోనూ కనిపించలేదు.

కారణం చెల్లింపు పద్ధతిలో ఉంది. ఇలాంటి పథకాల్లో ఏ ఆసుపత్రిలో చేరాలో, ఏ చికిత్సకు ఎంత ఇవ్వాలో, ఏ ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి కావాలో చెల్లించేవారే నిర్ణయిస్తారు. దీన్నే నిర్వహిత వైద్యం అనవచ్చు. ఒక్కో ఆపరేషన్‌కు ఒక ప్యాకేజీ ధర ఉంటుంది. ధర గిట్టుబాటు కాకపోతే తేడాను మందుల పేరుతో, పరీక్షల పేరుతో రోగి నుంచి రాబట్టుకునే ఆశ పుడుతుంది. ధర లాభసాటిగా ఉంటే అవసరం లేని ఆపరేషన్లు పెరిగే ప్రమాదం ఉంటుంది. ఆసుపత్రిలో మంచం వేస్తే దాన్ని నింపే రోగి కూడా దొరుకుతాడని అమెరికా పరిశోధకుడు మిల్టన్ రోమర్ సుమారు 1960 నాటికే గమనించాడు. వైద్యంలో ఏది అవసరమో చెప్పేదీ, దాన్ని అమ్మేదీ ఒకరే కావడం దీనికి మూలం.

గర్భసంచి చెప్పిన నిజం

ఈ ప్రమాదం ఊహ కాదు. బీమా డబ్బు కోసం పేద మహిళలకు అవసరం లేకుండా గర్భసంచి తొలగిస్తున్నారన్న ఆరోపణలు 2012లో ఛత్తీస్‌గఢ్‌ను కుదిపేశాయి. బిహార్, రాజస్థాన్‌ల నుంచి కూడా ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయి. డాక్టర్ నరేంద్ర గుప్తా దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు ఇస్తూ, ఇలాంటి ఆపరేషన్లపై నిఘాకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లోగా అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇది డబ్బు నష్టంతో పోయే విషయం కాదు. గర్భసంచితో పాటు అండాశయాలనూ తీసేస్తే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. చిన్న వయసులోనే ముట్లు ఆగిన స్థితి వస్తుంది. ఎముకలు గుల్లబారే ముప్పు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతాయి. అండాశయాలను ఉంచినా అవి ముందుగానే మందగించవచ్చు. ఒళ్లు వంచి నాట్లు వేసే కూలీకి ఎముకల బలం పోవడమంటే బతుకుదెరువు పోవడమే.

తెలుగువారు దీన్ని పక్క రాష్ట్రం గొడవగా చూడలేరు. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది ఇక్కడే. అయితే ఈ అంకెలకు బీమా ఒక్కటే కారణమని చెప్పలేం. చిన్న వయసు పెళ్లిళ్లు, త్వరగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, క్యాన్సర్ భయం, తెల్లబట్ట వంటి సమస్యలకు తొలిదశలో సరైన వైద్యం అందకపోవడం కూడా తోడవుతాయి.

పథకం వేరు, చట్టం వేరు

పథకాన్ని మార్గదర్శకాలు, ఒప్పందాలు నడుపుతాయి. ప్రభుత్వం మారితే పేరు, పరిమితి, పద్ధతి అన్నీ మారవచ్చు. చట్టం అలా కాదు. దాన్ని మార్చాలంటే శాసనసభలో చర్చ జరగాలి. అది ఇచ్చిన హక్కు కోసం పౌరుడు కోర్టు మెట్లెక్కవచ్చు. ఛత్తీస్‌గఢ్ 2010లో చేసిన చట్టం నర్సింగ్‌హోమ్‌లకు, వైద్య సంస్థలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఆసుపత్రి తలుపు తెరవడానికి కావలసిన అర్హత ఇది. బీమా రోగికి ఏ చికిత్స ఎందుకు చేశారు, ఎంత వసూలు చేశారు అన్న ప్రశ్నలకు జవాబు దొరకాలంటే ఇది చాలదు.

అమెరికా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ సమస్య తిరగబడి వచ్చింది. ఖర్చు తగ్గించుకోవాలని సంస్థలు బాలింతలను కాన్పయిన మరునాడే ఇంటికి పంపడం 1990లలో పెరిగింది. మొదట 1995లో మేరీల్యాండ్ రాష్ట్రం దీనిపై చట్టం చేసింది. మరుసటి ఏడాది దేశమంతటికీ చట్టం వచ్చింది. మామూలు కాన్పుకు 48 గంటలు, సిజేరియన్‌కు 96 గంటల ఆసుపత్రి వసతికి బీమా కోత పెట్టకూడదని అది చెప్పింది. మన దేశంలో రాజస్థాన్ 2023లో ఆరోగ్య హక్కు చట్టం ఆమోదించింది. అత్యవసర చికిత్సకు ముందుగా డబ్బు అడగరాదన్న నిబంధనపై ప్రైవేటు వైద్యులు వీధికెక్కారు. బకాయిలు ఎవరు, ఎప్పుడు చెల్లిస్తారన్నది వారి ప్రశ్న. అది కొట్టిపారేయదగింది కాదు. చెల్లింపులు ఆలస్యమైతే ఆ భారం చివరికి రోగి మీదే పడుతుంది.

అందువల్ల మంచి చట్టం రెండు వైపులా కట్టడి చేయాలి. ఆసుపత్రికి గడువులోగా న్యాయమైన ధర అందాలి. రోగికి రసీదు, రెండో వైద్యుడి అభిప్రాయం, జిల్లా స్థాయిలో ఫిర్యాదుల పరిష్కారం హక్కుగా దక్కాలి. ఏ ఆసుపత్రిలో ఏ ఆపరేషన్ ఎన్ని జరిగాయో వయసుల వారీగా బయటపెట్టాలి. 2002 నుంచి ఊరూరా పనిచేస్తున్న మితానిన్ ఆరోగ్య కార్యకర్తలు ఛత్తీస్‌గఢ్‌కు పెద్ద బలం. ఆపరేషన్‌కు ముందు ఒక మాట అడగడానికి ఊళ్లోనే మనిషి ఉంది. ఆ మాటకు ఆసుపత్రి జవాబు చెప్పి తీరేలా చేయడమే చట్టం పని.

అంతవరకు ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారులు గుర్తుంచుకోవలసిన నంబరు 14555. ఆపరేషన్ అత్యవసరం కాకపోతే, సంతకం పెట్టేముందు ఇంకో ప్రభుత్వ వైద్యుడిని అడగడం వల్ల పోయేది ఒక రోజు కూలి మాత్రమే.