ర్యాలీ పోటీలలో డ్రైవర్ల మార్పిడి

వృత్తిపరమైన మోటారు ర్యాలీ పోటీలలో ఒక సీజను ఇంకా ముగియకముందే, రాబోయే సీజనులో ఏ జట్టు కారును ఎవరు నడుపుతారు అన్న చర్చ మొదలవుతుంది. దీనినే ఈ వ్యాసంలో డ్రైవర్ల మార్పిడి అని వ్యవహరించడం జరిగింది. ఈ చర్చలో వాస్తవం కొంత, ఊహ కొంత, జట్లు కావాలని బయటకు వదిలే మాట కొంత కలిసి ఉంటాయి. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో అగ్రశ్రేణి కార్లు ఒక్కొక్క పోటీకి పదికి అటూ ఇటూగా మాత్రమే ఉంటాయి. అందువలన ఒక్క సీటు ఖాళీ అయినా, దాని వెనుక నలుగురైదుగురు డ్రైవర్ల జీవనోపాధి కదులుతుంది.

ర్యాలీ అనగా

వలయాకారపు ట్రాకు మీద కార్లన్నీ ఒకేసారి పరుగెత్తే పందెం రేసు. ర్యాలీ అలా కాదు. మామూలు రహదారులను, అడవి దారులను కొద్దిసేపు మూసివేసి, ఒక్కొక్క కారును కొన్ని నిమిషాల ఎడంతో విడిచిపెడతారు. ఇలా కాలాన్ని కొలిచే భాగాలను స్పెషల్ స్టేజీలు అంటారు. అన్ని స్టేజీలలో పట్టిన సమయం కలిపి ఎవరికి తక్కువ వస్తే వారే విజేత. ఈ క్రీడకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1973లో మొదలైంది. మొదట కార్ల తయారీ సంస్థలకే పట్టం ఉండేది; డ్రైవర్లకు పూర్తిస్థాయి ప్రపంచ టైటిలు ఇవ్వడం 1979 నుండి ఆరంభమైంది.

కారులో ఇద్దరుంటారు. రెండవ వ్యక్తిని కో-డ్రైవరు అని, మన దేశంలో నావిగేటరు అని కూడా అంటారు. పోటీకి ముందు ఇద్దరూ నెమ్మదిగా ఆ దారి వెంట వెళ్ళి, ప్రతి మలుపును, గతుకును, కల్వర్టును రాసుకుంటారు. వీటిని పేస్ నోట్సు అంటారు. పోటీలో కో-డ్రైవరు వాటిని చదువుతుంటే, డ్రైవరు తనకు ఇంకా కనబడని మలుపును ఆ మాట మీద నమ్మకంతో తీసుకుంటాడు. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడిలో నాట్యం చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. అక్కడ తాళాలు పట్టుకొని జతులు పలికే నట్టువాంగానికి, నర్తకి పాదానికి మధ్య ఉండే సంబంధం వంటిదే ఇది. భేదమేమనగా నాట్యంలో జతి, అడుగు కలిసి నడుస్తాయి; ర్యాలీలో మాట అడుగు కంటే రెండు మలుపులు ముందుండాలి. అందుచేత జట్టు మారే డ్రైవరు సాధారణంగా తన కో-డ్రైవరును వెంటబెట్టుకొనే వెళతాడు. సీటు పోతే ఇద్దరికీ పోతుంది. పత్రికలలో మాత్రం ఒక్కరి పేరే ఎక్కువగా కనబడుతుంది.

సీటు నిర్ణయమయ్యే తీరు

అందరికంటే వేగంగా నడిపేవానికే సీటు దక్కుతుందని అనుకోవడం సహజం. ఇది సగమే నిజం. తయారీ సంస్థల పట్టికలో ఒక జట్టు మూడు కార్ల వరకు పేర్కొనవచ్చును. వాటిలో మెరుగైన రెండింటి ఫలితాలనే లెక్కిస్తారు. అందువలన జట్టుకు టైటిలు కోసం పోరాడగల ఒకడు, కారును క్షేమంగా గమ్యం చేర్చే మరొకడు అవసరమవుతారు. మూడవ కారును కొన్నిసార్లు ఇద్దరు ముగ్గురికి పంచుతారు. తారు రోడ్లలో నేర్పు గలవాడు ఆ పోటీలకు, కంకర దారులు ఎరిగినవాడు ఈ పోటీలకు అన్నమాట. స్పెయిన్‌కు చెందిన డాని సోర్డో హ్యుందయ్ జట్టులో అనేక సంవత్సరాలు ఇటువంటి పాత్రనే పోషించాడు.

మరొక కారణం దారి ఊడ్చడం. కంకర దారులపై జరిగే ర్యాలీలో మొదటి రోజున పాయింట్లలో ముందున్నవాడే ముందుగా బయలుదేరాలి. పైనున్న వదులు రాళ్ళు, మట్టి అతని చక్రాల కింద కొట్టుకుపోగా, వెనుక వచ్చేవారికి పట్టు దొరుకుతుంది. అన్ని పోటీలలో పాల్గొనని డ్రైవరు పాయింట్లలో వెనుకబడి ఉంటాడు కనుక, అతనికి శుభ్రపడిన దారి దక్కుతుంది. ఈ సూక్ష్మం తెలిసిన జట్లు, వయసు మీరిన విజేతలను కొద్దిపాటి పోటీలకైనా అట్టిపెట్టుకోవాలని చూస్తాయి.

ఇక ఒప్పందాల విషయం. చాలా ఒప్పందాలలో, ఫలానా తేదీ లోపల జట్టు కోరుకుంటే మరొక సంవత్సరం కొనసాగించే వెసులుబాటు రాసి ఉంటుంది. ఆ తేదీ దగ్గర పడేకొద్దీ పుకార్లు ముదురుతాయి. ఒక డ్రైవరు ఇంకొక సంస్థ కారును పరీక్షించాడని తెలిస్తే అది బలమైన సూచన. డ్రైవరు "నేను ఇక్కడ సంతోషంగా ఉన్నాను" అన్నంత మాత్రాన అది సూచన కాదు.

కొన్ని ముఖ్య ఘట్టాలు

2003 చివర జరిగిన మార్పులు ఈ విషయానికి మంచి ఉదాహరణ. 2004 నుండి జట్టుకు రెండు కార్లే అన్న నియమం రావడంతో, సిట్రోయెన్ సంస్థ కార్లోస్ సైంజ్, సెబాస్టియన్ లోబ్ లను ఉంచుకొని, 1995 ప్రపంచ విజేత కోలిన్ మెక్‌రేను వదులుకుంది. అదే కాలంలో 2001 విజేత రిచర్డ్ బర్న్స్ ప్యూజో నుండి తన పాత జట్టు సుబారుకు తిరిగి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. కాని 2003 నవంబరులో వేల్స్ ర్యాలీకి వెళ్తూ దారిలోనే స్పృహ కోల్పోయాడు. మెదడులో కణితి ఉన్నట్లు తేలింది. అతని కోసం ఉంచిన సీటులో 2004లో ఫిన్లాండ్ యువకుడు మిక్కో హిర్వోనెన్ కూర్చున్నాడు. బర్న్స్ 2005 నవంబరు 25న మరణించాడు. అతడు ప్రపంచ విజేత అయినది కూడా నవంబరు 25వ తేదీనే.

2008 డిసెంబరులో, ఆర్థిక మాంద్యం నడుమ, సుజుకి, సుబారు సంస్థలు ఒకదాని వెంట ఒకటి తప్పుకున్నాయి. సీజను ఆరంభానికి కొద్ది వారాలే ఉన్నందున ఇతర జట్లలో ఖాళీలు లేవు. 2003 విజేత పెట్టర్ సోల్బెర్గ్ సొంతంగా జట్టు కట్టి, పాత సిట్రోయెన్ క్సారా కారుతో 2009లో దిగాడు. అతని సహచరుడు, ఆస్ట్రేలియా దేశీయుడు క్రిస్ అట్కిన్సన్ కూడా ఆ దెబ్బకే సీటు కోల్పోయాడు. అతని పేరు ఈ వ్యాసంలో మరల వస్తుంది.

2011లో సిట్రోయెన్‌లో లోబ్, సెబాస్టియన్ ఓజియే అనే ఇద్దరు ఫ్రెంచివారు ఒకే ఒరలో రెండు కత్తుల వలె ఉండేవారు. సంవత్సరాంతంలో ఓజియే బయటకు వచ్చి, అప్పటికి ఇంకా కారైనా దింపని ఫోక్స్‌వాగన్‌లో చేరాడు. 2012 అంతా తక్కువ శక్తి గల స్కోడా కారుతో గడిపాడు. అప్పట్లో దీనిని తొందరపాటు అన్నవారు చాలామంది. 2013లో పోలో కారు రంగప్రవేశం చేయగా, 2016 వరకు వరుసగా నాలుగు టైటిళ్ళూ అతనివే.

అయితే 2016 నవంబరులో ఫోక్స్‌వాగన్ తాను తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. 2017 కోసం కొత్త పోలో కారు దాదాపు సిద్ధమై ఉన్నప్పటికీ అది పోటీకి రాలేదు. ప్రపంచ విజేతకే సీటు లేని వింత పరిస్థితి ఏర్పడింది. ఓజియే కార్లను పరీక్షించి చూసుకొని, డిసెంబరులో మాల్కం విల్సన్ నడిపే ఎం-స్పోర్ట్ జట్టును ఎంచుకున్నాడు. తయారీ సంస్థ పూర్తి అండ లేని ఆ జట్టుతోనే 2017, 2018 టైటిళ్ళు గెలిచాడు. అతని సహచరులలో యారి-మత్తి లాత్వలా టయోటాలో చేరగా, ఆండ్రియాస్ మిక్కెల్సెన్‌కు సీజను ఆరంభంలో అగ్రశ్రేణి సీటు దొరకలేదు.

2019 కథ ఇంకొక రకం. టయోటాతో టైటిలు గెలిచిన ఓట్ తానక్, గెలిచిన కొద్ది రోజులకే హ్యుందయ్‌లో చేరుతున్నట్లు ప్రకటన వచ్చింది. అప్పటికి సిట్రోయెన్‌లో ఉన్న ఓజియే టయోటాకు మారాడు. 2020కి తగిన అగ్రశ్రేణి డ్రైవరు లేడంటూ సిట్రోయెన్ ఏకంగా పోటీల నుండే విరమించుకుంది. టయోటా తన పాత డ్రైవర్లను మొత్తంగా మార్చివేసింది. అలా సీటు కోల్పోయిన లాత్వలాయే, 2020 డిసెంబరులో అదే టయోటా జట్టుకు అధిపతిగా నియమితుడు కావడం విశేషం.

క్రెయిగ్ బ్రీన్, మద్రాసు టైర్లు

డ్రైవర్ల మార్పిడి గురించి చదివేవారు ఐర్లాండ్ వాసి క్రెయిగ్ బ్రీన్ జీవితాన్ని తప్పక తెలుసుకోవాలి. 2018 చివర ఓజియే రాకతో సిట్రోయెన్‌లో బ్రీన్ సీటు పోయింది. 2019లో హ్యుందయ్ అతనికి రెండు ప్రపంచ పోటీలలో మాత్రమే అవకాశమిచ్చింది. ఆ తరువాత అతనికి ఆసరా ఇచ్చినది ఒక భారతీయ సంస్థ. మద్రాసులో పుట్టిన ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కంపెనీ ఐరోపా ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో తన టైర్లను తీర్చిదిద్దుకోవడానికి 2020, 2021 సంవత్సరాలలో అతనిని నియమించుకుంది. ఇదే కంపెనీకి తెలంగాణలోని సదాశివపేటలో కర్మాగారం కలదు. బ్రీన్ వంటి అనుభవజ్ఞుడు చెప్పే మాట టైర్ల కంపెనీకి విలువైనది. ఏడాది పొడవునా పోటీలో ఉండటం బ్రీన్‌కు విలువైనది. ఆ టైర్లతోనే 2022లో ఎఫ్రెన్ ల్యారేనా ఐరోపా టైటిలు గెలిచాడు.

2021లో హ్యుందయ్ కారుతో కొద్ది పోటీలలోనే బ్రీన్ మూడుసార్లు మొదటి మూడు స్థానాలలో నిలిచాడు. దాని ఫలితంగా 2022లో ఎం-స్పోర్ట్ అతనికి పూర్తి సీజను ఇచ్చింది. ఆ సంవత్సరం ఆశించినట్లు సాగలేదు. 2023కి మరల హ్యుందయ్‌లో, సోర్డోతో పంచుకునే మూడవ కారు దక్కింది. ఫిబ్రవరిలో స్వీడన్‌లో రెండవ స్థానం సాధించాడు. ఏప్రిల్ 13న క్రొయేషియా ర్యాలీకి సిద్ధపడుతూ కారును పరీక్షిస్తుండగా జరిగిన ప్రమాదంలో, 33 ఏళ్ళ వయసులో మరణించాడు. పక్కనున్న కో-డ్రైవరు జేమ్స్ ఫుల్టన్ క్షేమంగా బయటపడ్డాడు. ఆ సంవత్సరం కొన్ని పోటీలలో ఆ మూడవ కారును టీమూ సునినెన్ నడిపాడు. ఖాళీ అయిన సీటు ఎవరిది అన్న ప్రశ్న, ఎల్లప్పుడూ వినోదంగా అడగదగినది కాదు.

2025లో జరిగిన మార్పులు

2025 సీజను చివర పుకార్లకు అందని సంఘటనలు జరిగాయి. రెండుసార్లు ప్రపంచ విజేత, 22 ఏళ్ళకే టైటిలు గెలిచి అతి పిన్న వయసు విజేతగా పేరొందిన కల్లే రోవన్‌పెరా, తాను ర్యాలీలను వదలి జపాన్‌లో ట్రాకు రేసులకు వెళుతున్నట్లు అక్టోబరులో ప్రకటించాడు. నవంబరులో తానక్ కూడా పూర్తికాలపు పోటీల నుండి తప్పుకుంటున్నట్లు తెలిపాడు. ఆ సీజనులో కొన్ని పోటీలకు దూరంగా ఉన్నప్పటికీ, ఓజియే నాలుగు పాయింట్ల తేడాతో ఎల్ఫిన్ ఎవాన్స్‌ను దాటి తొమ్మిదవ టైటిలు సాధించి, లోబ్ రికార్డును సమం చేశాడు. పైన చెప్పిన దారి ఊడ్చే సూత్రం ఇక్కడ ఎంత పనిచేసిందో పాఠకులే ఊహించుకోవచ్చు.

రోవన్‌పెరా వెళ్ళిపోగా 2026కి టయోటా ఎంచుకున్నది పెట్టర్ సోల్బెర్గ్ కుమారుడైన ఆలివర్ సోల్బెర్గ్‌ను. అతడు 2022 చివర హ్యుందయ్ సీటు కోల్పోయి, రెండవ శ్రేణి పోటీలకు దిగవలసి వచ్చినవాడు. మూడేళ్ళు అక్కడే శ్రమించాడు. 2025 జూలైలో ఎస్టోనియా ర్యాలీకి టయోటా అతనికి అగ్రశ్రేణి కారును ఒక్కసారికి ఇచ్చి చూడగా, గెలిచి చూపాడు. ఆ ఒక్క వారాంతమే ఎన్నో నెలల ఊహాగానాల కంటే బలమైన సమాధానమైంది.

భారతదేశంలో, తెలుగునాట

మన దేశంలో జాతీయ ర్యాలీ ఛాంపియన్‌షిప్ ఉన్నది గాని, జీతమిచ్చి డ్రైవరును పోషించే జట్లు బహు కొద్ది. మహీంద్రా సంస్థ గత దశాబ్దంలో ఎక్స్‌యూవీ 500 కారుతో గౌరవ్ గిల్, అమిత్‌రజిత్ ఘోష్ లను నడిపింది. ఆసియా పసిఫిక్ ఛాంపియన్‌షిప్‌లో ఎం.ఆర్.ఎఫ్. జట్టు స్కోడా కార్లను దింపేది. 2008లో సుబారు సీటు కోల్పోయిన అట్కిన్సన్ 2012లో ఈ జట్టుతోనే ఆసియా పసిఫిక్ విజేత అయ్యాడు. 2014లో యాన్ కోపెట్స్కీ, 2015లో పొంటస్ తిదెమాండ్ గెలిచారు. ఏటేటా జట్టులోకి ఒక ఐరోపా యువకుడు వచ్చేవాడు. వచ్చే ఏడాది ఎవరు వస్తారన్నది ఊహాగానాలకు తావిచ్చేది. ఢిల్లీకి చెందిన గిల్ 2013, 2016, 2017లలో టైటిలు గెలిచి, మోటారు క్రీడలలో అర్జున పురస్కారం అందుకున్న మొదటి వ్యక్తి అయ్యాడు (2019).

కృష్ణా డెల్టాలో ఇటువంటి ర్యాలీలకు అనువైన భూమి లేదు. కాలువ గట్ల మీది దారులు ఇరుకు, వానపడితే నల్లరేగడి జిగట, ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ తక్కువ. కాని ఎవరు ఏ పాత్ర కడతారన్న కుతూహలం ఇక్కడివారికి కొత్త కాదు. భామాకలాపం ప్రదర్శన అనగానే సత్యభామ ఎవరు అని అడగడం ఈ ప్రాంతపు అలవాటు. వేదాంతం సత్యనారాయణ శర్మ వేషం కడుతున్నాడంటే జనం కదిలి వచ్చేవారు.

హైదరాబాదులో హుసేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న విద్యుత్ కార్ల ఫార్ములా-ఇ పందెం జరిగింది. అది ర్యాలీ కాదు, వీధి రేసు. ఫ్రాన్సుకు చెందిన ఝాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. బరిలో భారతీయ సంస్థ మహీంద్రా జట్టు ఉన్నప్పటికీ, దాని రెండు సీట్లలోనూ విదేశీయులే ఉన్నారు. 2024లో జరుగవలసిన రెండవ పందెం రద్దయింది. ర్యాలీల విషయానికి వస్తే హైదరాబాదుకు చెందిన నవీన్ పుల్లిగిళ్ళ, కేరళలోని కాసరగోడుకు చెందిన నావిగేటరు ముసా షరీఫ్‌తో కలిసి కెన్యాలోని సఫారీ ర్యాలీ వరకు వెళ్ళాడు. గిల్‌కు కూడా జాతీయ పోటీలలో నోట్సు చదివిన షరీఫ్, పలువురు డ్రైవర్ల పక్కన కూర్చున్న అనుభవశాలి. మన డ్రైవర్లకు సీజను మొదలయ్యే ముందు ఎదురయ్యే ప్రశ్న ఏ జట్టు పిలుస్తుంది అన్నది కాదు. కారు అద్దె, టైర్లు, ప్రయాణ ఖర్చులు ఎవరు భరిస్తారు అన్నది. దానికి సమాధానం దొరికిన తరువాతనే ఎన్ని పోటీలలో పాల్గొనాలన్నది తేలుతుంది.