గోధుమ పడని బిడ్డకు ఏజెన్సీలో ఏం పెట్టాలి?

భద్రాచలం ఏజెన్సీలోని చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో ఏ అంగన్‌వాడీకి వెళ్ళినా నెలనెలా పిల్లల తూకం ఉంటుంది. బరువు పెరగని బిడ్డ తల్లికి టీచరమ్మ చెప్పే మొదటి మాట, బాలామృతం మానకుండా పెట్టమనే. ఏడో నెల నుంచి మూడేళ్ళు నిండేదాకా ప్రతి బిడ్డకూ నెలకు రెండున్నర కిలోల పొట్లం ఇస్తారు. హైదరాబాద్ నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ దాన్ని తయారుచేస్తుంది. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి అది. అందులో ఎక్కువ వంతు గోధుమదే. చాలామంది పిల్లలకు అది మేలు చేసే తిండి, అందులో సందేహం లేదు. కానీ ఆ వరసలో గోధుమ పడని బిడ్డ ఒకడుంటే వాడి జబ్బు ఆ పొట్లంలోనే ఉంటుంది. తిన్నకొద్దీ బరువు తగ్గుతాడు. తగ్గినకొద్దీ ఇంకాస్త పెట్టమంటారు.

ఈ జబ్బు పేరు సీలియాక్. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండిని సాగేలా చేసేది అదే. సీలియాక్ ఉన్నవాళ్ళు గ్లూటెన్ తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే తిరగబడుతుంది. పేగు లోపల ఆహారాన్ని పీల్చుకునే సన్నని నూగు అరిగిపోతుంది. ఇక ఎంత తిన్నా ఒంటపట్టదు. విరేచనాలు, ఉబ్బిన పొట్ట, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, ఆగిపోయిన ఎత్తు. కొందరిలో విరేచనాలు ఉండనే ఉండవు, ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా తగ్గని రక్తహీనత ఒక్కటే కనిపిస్తుంది. దీనికి మందు లేదు. బతికినంత కాలం గ్లూటెన్‌ను పూర్తిగా మానేయడమే వైద్యం. మానేస్తే పేగు కోలుకుంటుంది, బిడ్డ మళ్ళీ ఎదుగుతాడు.

ఈ సంగతి రూఢి కావడానికి తోడ్పడింది ఒక కరువు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్ ప్రజలు తిండి లేక ట్యులిప్ దుంపలు తిన్నారు. రొట్టె దొరకని ఆ రోజుల్లో ఈ జబ్బున్న పిల్లలు తేరుకున్నారు. రొట్టె తిరిగి వచ్చాక మళ్ళీ నీరసించారు. గోధుమ మీద అప్పటికే అనుమానం ఉన్న విలెం డికె అనే పిల్లల డాక్టరు దీన్ని గమనించి, 1950లో తన పరిశోధనను విశ్వవిద్యాలయానికి సమర్పించాడు.

మన వైపు ఇది అరుదైన జబ్బే. దేశంలోని మూడు ప్రాంతాల్లో 23 వేలమందికి పైగా పెద్దలను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. జబ్బును సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో ఉంటే, దక్షిణాదిన 0.10 శాతం మందిలోనే కనిపించాయి. జబ్బుకు దారితీసే జన్యువుల విషయంలో మాత్రం ప్రాంతాల మధ్య పెద్ద తేడా లేదు. తేడా కంచంలో ఉండవచ్చు. అక్కడివాళ్ళు రోజుకు తినే గోధుమలో ఇక్కడివాళ్ళు తినేది చాలా చిన్న వంతు. అంటే మనల్ని ఇన్నాళ్ళూ కాపాడింది మన అన్నం, మన జొన్న కావచ్చు. ఇంటింటా బిస్కెట్లు, బ్రెడ్డు, బొంబాయి రవ్వ పెరుగుతున్న ఈ రోజుల్లో ఆ కాపుదల ఎంతకాలం ఉంటుందన్నది నా భయం. పైగా ఆ అధ్యయనం దక్షిణాదిన జరిగింది వేలూరులో. గోదావరి గట్టున ఉన్న కోయ పిల్లల లెక్క అందులో లేదు.

అరుదు కాబట్టే డాక్టర్లకు ఇది చివరన గాని తోచదు. వాళ్ళ తప్పేం లేదు. రక్తం తక్కువగా ఉన్న పిల్లను తీసుకొస్తే మన్యంలో ముందు చూడవలసినవి చాలా ఉన్నాయి. మలేరియా ఉంది, కడుపులో నులిపురుగులున్నాయి, కోయ కుటుంబాల్లో సికిల్‌సెల్ ఉంది, అన్నిటికీ మించి చాలీచాలని తిండి ఉంది. వీటన్నిటికీ వైద్యం చేసి, అప్పటికీ గుణం కనిపించకపోతేనే గోధుమ వైపు చూపు మళ్ళుతుంది. అప్పటికి రెండేళ్ళో మూడేళ్ళో గడిచిపోయి ఉంటాయి. పిల్లల ఎదుగుదలలో పోయిన ఏళ్ళను తిరిగి తేవడం ఎవరి వల్లా కాదు.

చూపు మళ్ళినా దారి దగ్గరేమీ కాదు. టీటీజీ అనే రక్తపరీక్ష చేయాలి. అది పాజిటివ్ వస్తే చాలామందికి ఎండోస్కోపీ చేసి పేగులో చిన్న ముక్క తీసి చూడవలసి ఉంటుంది. చర్ల నుంచి భద్రాచలం సుమారు 60 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఖమ్మం దాదాపు 120. రైలెక్కుదామన్నా, భద్రాచలం రోడ్ రైల్వే స్టేషన్ ఉన్నది భద్రాచలంలో కాదు, కొత్తగూడెంలో. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి ఛత్తీస్‌గఢ్ నుంచి, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, ఎటపాక మండలాల నుంచి కూడా రోగులు వస్తారు. అంత రద్దీలో, రెక్కాడితే గాని డొక్కాడని తల్లి పిల్లను చంకనేసుకుని ఎన్నిసార్లు తిరుగుతుంది? ఒకసారి వచ్చినామె రెండోసారి రాకపోతే ఆమెను నిర్లక్ష్యపు మనిషి అనడం అన్యాయం.

సరే, జబ్బు తెలిసిందనుకుందాం. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. చపాతీ, పూరీ మానడం తేలిక, ఆ ఇంట్లో అవి రోజూ ఉండేవి కావు. కనిపించని గోధుమే చిక్కు. కిరాణాకొట్టులో ఇడ్లీరవ్వ, ఉప్మారవ్వ బస్తాలు పక్కపక్కనే మూతి తెరుచుకుని ఉంటాయి. మొదటిది బియ్యంది, రెండోది గోధుమది, రెంటికీ ఒకటే చేట. సేమ్యా గోధుమే. నీరసంగా ఉన్నాడని అప్పు చేసి కొనే హార్లిక్స్‌లో గోధుమా ఉంది, బార్లీ కూడా ఉంది. అన్నిటికన్నా ఆశ్చర్యం ఇంగువ. కొట్లో దొరికే డబ్బా ఇంగువ చాలావరకు గోధుమపిండో మైదానో కలిపి చేసిందే. చింతపండు పులిహోర మీద వేసిన చిటికెడు ఇంగువ పోపులో గోధుమ ఉంటుందని ఏ తల్లి ఊహించగలదు?

పిండి గిర్నీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఊరికో, రెండు మూడు ఊళ్ళకో ఒక గిర్నీ ఉంటుంది. పొద్దుటి నుంచి ఎవరి డబ్బా ముందొస్తే వాళ్ళది పోస్తారు. ముందావిడ గోధుమలు పట్టించుకుని వెళ్ళగానే తర్వాతావిడ జొన్నలు అదే తొట్టిలో పడతాయి. రాళ్ళ మధ్య, గొట్టంలో, కింద కట్టిన గుడ్డసంచిలో ముందరి గోధుమపిండి తెల్లగా అంటుకునే ఉంటుంది. మామూలు మనిషికి దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. సీలియాక్ ఉన్న బిడ్డకు ఆ కాస్త అంటు కూడా చాలు. మన దేశంలో గ్లూటెన్ లేదని రాసి అమ్మాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. ఎంత తక్కువో దాన్నిబట్టే తెలుస్తుంది. "అన్నా, గోధుమలు పొయ్యకముందే మావి పట్టియ్యి, బిడ్డకు పడదు" అని గిర్నీ అన్నను బతిమాలి, ముందు రెండు గుప్పిళ్ళ బియ్యం ఆడించి ఆ పిండి పక్కన పెట్టించి, తర్వాత జొన్నలు పోయించుకోవాలి. అంతకన్నా ఇంట్లో తిరగలి ఉంటే మేలు. మూలపడిన తిరగళ్ళు ఇంకా చాలా ఇళ్ళలో ఉన్నాయి.

ఇల్లు దాటితే ఇంకా కష్టం. బిడ్డ ఆశ్రమ పాఠశాలకు వెళ్తే అక్కడ ఉప్మా, పూరీ పెడతారు. జ్వరం వస్తే చూడవచ్చిన చుట్టాలు ప్రేమగా బ్రెడ్డు తెస్తారు. గోదావరి పొంగితే పునరావాస కేంద్రాల్లో పిల్లల చేతికి ముందు అందేది బిస్కెట్ పొట్లమే. భద్రాచలం దగ్గర 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన నది ఇది. ఇంట్లో ఉన్న జొన్నలు కూడా తడిసి పోయే రోజులు ఏటేటా ఎదురుకావచ్చు. మంచి మనసుతో ఇచ్చే ప్రతి చేతిలోనూ గోధుమే ఉండడం ఈ తల్లుల ప్రత్యేకమైన కష్టం. వద్దంటే పొగరు అనుకుంటారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం మరొకటి ఉంది. పట్నంలో గ్లూటెన్ లేని తిండి అని ఖరీదు పెట్టి కొంటున్నది ఈ అడవి మనుషుల రోజువారీ కూడు. జొన్న, సామ, కొర్ర, రాగి, వేటిలోనూ గ్లూటెన్ లేదు. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1945లో అచ్చువేసిన పుస్తకంలో గోదావరి కొండల మీది కొండరెడ్ల పోడు జొన్నల గురించి, చిరుధాన్యాల గురించి రాశాడు. గింజలు అయిపోయిన నెలల్లో జీలుగు చెట్టు లోపలి పిండి, మామిడి జీడి తిని బతికిన సంగతీ రాశాడు. ఆ రోజులు చల్లనివని నేననను, ఆకలి రోజులవి. కానీ ఇంటి గింజ ఇంటిది. కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టాకనే నోట్లో వేసుకునేవాళ్ళు.

ఆ గింజలు ఎందుకు పోయాయో అందరికీ తెలుసు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, ఆకలి తీర్చింది. పోడు మీద ఆంక్షలు బిగిశాయి. చేలల్లోకి పత్తి, మిర్చి వచ్చాయి, గట్ల మీదికి జామాయిల్, అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ వచ్చాయి. సామలు దంచే చేతులు తగ్గాయి. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. బియ్యంలో గ్లూటెన్ లేదు కాబట్టి సీలియాక్ బిడ్డకు అది రక్షే. అయితే పేగు దెబ్బతిన్న బిడ్డకు ఒట్టి తెల్లన్నంతో ఇనుము, మాంసకృత్తులు అందవు. పక్కన పప్పు, గుడ్డు, ఆకుకూర, జొన్న ఉండాలి.

దారి అసలు లేదా అంటే ఉంది, కొంత వేసి కూడా ఉంది. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, గిరిజన సంక్షేమ శాఖ కలిసి భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలో గిరిపోషణ పేరుతో జొన్న, చిరుధాన్యాల ఆహారాన్ని అంగన్‌వాడీలకు అందించే పని చేశాయి. ఒకప్పుడు కూలికి వెళ్ళిన భద్రాచలం మహిళలు సంఘం కట్టి 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో బిస్కెట్లు చేస్తున్నారు. అవి లండన్ దాకా వెళ్తున్నాయని 2025 జూన్ మన్ కీ బాత్‌లో ప్రధాని చెప్పారు. లండన్‌కు పంపగలిగిన చేతులు చర్ల అంగన్‌వాడీకి పంపలేవా? ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. బజారులో మిల్లెట్ అని రాసి ఉన్న బిస్కెట్లు చాలావాటిలో గోధుమపిండి, మైదా కలుస్తాయి. పేరు చూసి కొనకూడదు, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న దినుసుల పట్టీ చదవాలి. చదవలేని తల్లికి ఆశా అక్కో, టీచరమ్మో చదివిపెట్టాలి.

వైద్యశాఖను, ఐటీడీఏను అడగవలసినవి పెద్ద కోర్కెలేమీ కావు. భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో టీటీజీకి రక్తం తీసుకుని, ఫలితాన్ని తల్లి మళ్ళీ ప్రయాణం చేయకుండా ఊళ్ళోని ఆశా ద్వారా అందించాలి. మందులకూ తిండికీ లొంగని రక్తహీనత, ఆగిన ఎదుగుదల ఉన్న ప్రతి బిడ్డకూ ఆ పరీక్ష చేయాలి. జబ్బు తేలితే బాలామృతానికి బదులు గోధుమ తగలని జొన్నపిండి అంగన్‌వాడీ నుంచే ఇవ్వాలి, హాస్టల్ వంటమనిషికి రాతపూర్వకంగా చెప్పాలి.

చదివేవాళ్ళకు ఒక మాట. నెలల తరబడి ఐరన్ మాత్రలు వేసినా రక్తం పెరగని బిడ్డ మీ ఇంట్లో గాని, మీ గూడెంలో గాని ఉంటే టీటీజీ పరీక్ష రాయమని డాక్టరును అడగండి. భయపడి ముందే గోధుమ మానిపించకండి, మానిపిస్తే ఉన్న జబ్బు పరీక్షలో కనిపించకుండా పోతుంది. అవునని తేలిన రోజు నుంచి మాత్రం ఒక్క బిస్కెట్ ముక్క కూడా పెట్టకండి.